మూడో గేరులో ఈల

హెబ్బాళ ఫ్లైఓవరు మొదలయ్యే చోట
నా వ్యాను
చదవని పాఠం అప్పజెప్పాల్సిన పిల్లాడైపోతుంది.
యాక్సిలరేటరు నేలకంటా తొక్కుతాను.
ముల్లు రెండు వేల దగ్గరే తచ్చాడుతుంది.
అద్దంలో నల్లపొగ,
పొగలోంచి ఒక బైకువాడి తిట్టు,
కన్నడలో మొదలై ఉర్దూలో ముగుస్తుంది.

వెనక పన్నెండు మంది నైటు షిఫ్టు పిల్లలు.
ఒకమ్మాయి చెవుల్లోంచి తీగ లాగి అడిగింది:
"అన్నా, మీ బండేంటి నిట్టూరుస్తోంది?"

మూడు షెడ్లు తిరిగాను.
యశవంతపురలో కంప్యూటరు తగిలించి
బూస్టు తక్కువుందని కాగితం చేతిలో పెట్టారు,
జ్వరంతో వెళ్ళినవాడికి
జ్వరమని చీటీ రాసిచ్చినట్టు.
పీణ్యలో టర్బో పోయిందన్నారు. నలభై రెండు వేలు.
మూడోవాడు బానెట్టు కూడా ఎత్తలేదు,
లెక్కల యంత్రం మాత్రం తీశాడు.

కళాసిపాళ్య వెనక సందులో దస్తగిరన్న షెడ్డు.
బోర్డు లేదు. గోడకి వేలాడే తుప్పు రేడియేటరే గుర్తు.
పీలేరు యాస. కుడి చెవి వినబడదు,
ముప్పై ఏళ్ళు ఆ పక్కనే ఇంజన్లు నడిచాయి.
"కొనేది రేపైనా కొనొచ్చులేప్పా.
ముందు గాలి యాడికి పోతా ఉందో సూద్దాం."

లావు గొట్టం ఊడదీసి
టర్బో గొంతులో రెండు వేళ్ళు దూర్చాడు.
రెక్కల చక్రాన్ని కదిపాడు,
పసిపిల్ల తొలి పన్ను తడిమినట్టు.
పక్కలకి రవ్వంత ఊగొచ్చట.
ముందుకీ వెనక్కీ ఊగకూడదట.
ఊగలేదు.
సన్నపాటి వాక్యూము పైపు నోట్లో పెట్టుకుని పీల్చాడు,
కింద కడ్డీ బుద్ధిగా కదిలింది.
గొట్టం లోపల నూనె తడి చూసి నేను హడలిపోతే
"పన్జేసేవానికి ఆ మాత్రం చెమట పట్టదా" అన్నాడు.

పెయింటు డబ్బా మూతకి సైకిలు ట్యూబు మౌతు బిగించి
గాలి కొట్టారు. సబ్బునీళ్ళు పోశారు.
ఒక్క బుడగా లేవలేదు.
దస్తగిరన్న బీడీ వెలిగించుకుని చాలాసేపు ఊరుకున్నాడు.
"నిలబెట్టి అడిగితే ఇది నిజం చెప్పదు" అన్నాడు చివరికి.

పాడైన గేరుబాక్సులు నాలుగు,
ఒక లారీ యాక్సిలు, టీ తాగుతున్న ముగ్గురు హమాలీలు,
అందరూ నా సీట్లలోకెక్కారు.
కూతురు మాబున్ని ఆయనకి కుడిపక్కన,
ఇంజను మూత సందులోకి జారవిడిచిన రబ్బరు గొట్టం
రెండో కొస చెవికి ఆనించుకుని.
బసవనగుడి ఎత్తు. మూడో గేరు.
ఆమె కళ్ళు మూసుకుంది.
"నాయనా, ఈల. కిందనుంచి. ఇంకొంచెం తొక్కమను.
ఆఁ. ఇప్పుడు."

ఇంటర్‌కూలరు గొట్టం అడుగున,
క్లాంపు కరిచిన చోట
గోరంత చీలిక.
పెదవులు బిగించుకుని ఉంది.
వేలితో వంచితే తప్ప కనబడదు.
బరువెక్కి, గాలి పొంగితేనే నోరు తెరుస్తుంది.
నెల మొదటి వారంలో నేనూ
అచ్చం ఇలాగే ఉంటాను, ఎక్కడా చిరుగు లేనట్టు.

జేసీ రోడ్డులో గొట్టం పదకొండు వందల యాభై.
క్లాంపు ఊరికే ఇచ్చాడు.
కూలి అడిగితే మాబున్ని వైపు చూపించాడు.
ఆమె నిర్మొహమాటంగా ఆరువందలంది.
హమాలీలకి టీ డబ్బులు వేరే.

ఆ రాత్రి హెబ్బాళ దగ్గర
నిట్టూర్పు గురించి అడిగిన అమ్మాయి నిద్రపోతోంది,
కిటికీ అద్దానికి బుగ్గ అంటించి.
ఫోను మోగింది. స్పీకరులో దస్తగిరన్న:
"ఏమప్పా, ఎట్లుంది?"
నేనేమీ చెప్పలేదు.
ఫోను ఇంజను మూత మీద పెట్టి
మూడో గేరు వేశాను.
అవతల మాబున్ని గొంతు
దూరంగా, కాస్త విసుగ్గా:
"ఎడమ చెవికి నాయనా, ఎడమ చెవికి."